మా అబ్బాయికి ఏ కంప్యూటర్ భాష నేర్పించమంటారు?



ఈ నెల మన శీర్షికలో పిల్లల చదువుకూ, ఇంటి ఖర్చుకూ సంబంధించిన ఒక ప్రశ్నను ఆలోచిద్దాం. మేడిపల్లి, బోడుప్పల్, పీర్జాదిగూడ, నాచారం ప్రాంతాలలో డిగ్రీ గానీ బి.టెక్. గానీ ముగించిన పిల్లలున్న ఇళ్లలో ప్రతి సంవత్సరం వినిపించే ప్రశ్న ఇది. "మా అబ్బాయికి జావా నేర్పించమంటారా, పైథాన్ నేర్పించమంటారా? ఏది నేర్చుకుంటే ఉద్యోగం ఖాయం?" అబ్బాయి స్థానంలో అమ్మాయి ఉన్నా ప్రశ్న అదే.

ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక ఉన్నది చిన్న విషయం కాదు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీలు చేసి కూడబెట్టిన సొమ్ము ఉన్నది. చీటీ పాడి తెచ్చిన డబ్బు ఉన్నది. కొన్ని ఇళ్లలో తల్లి మెడలోని గొలుసు కూడా ఉన్నది. పిల్లవాడి వయస్సులో ఒక సంవత్సరం ఉన్నది. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, ఆ సంవత్సరం తిరిగి రాదు. కాబట్టి ఫీజు కట్టేముందు, అసలు ఈ కంప్యూటర్ భాషలంటే ఏమిటో, అవి ఏ పనికి వస్తాయో తల్లిదండ్రులు కూడా కొంత తెలుసుకోవడం మంచిది. కంప్యూటరు ముందు ఎన్నడూ కూర్చోనివారు కూడా దీనిని అర్థం చేసుకోగలరు.

చీటీ లెక్క తెలిసినవారికి ప్రోగ్రామ్ తెలిసినట్లే

ఇరవై మంది కలిసి వేసిన చీటీ ఒకటి అనుకుందాం. ఒక్కొక్కరు నెలకు 5,000 రూపాయలు. మొత్తం చీటీ లక్ష రూపాయలు. ఈ నెల ఒకరు 20,000 తగ్గించి పాడారు. ఆయన చేతికి 80,000 వస్తుంది. తగ్గించిన 20,000లో నిర్వాహకుని కమిషన్ 5,000 పోతే మిగిలింది 15,000. దాన్ని ఇరవై మందికి పంచితే తలకు 750. అంటే ఈ నెల ఒక్కొక్కరు కట్టవలసింది 4,250 రూపాయలు. గడువు దాటి కట్టినవారికి జరిమానా కలుస్తుంది.

ఈ లెక్కను మన తల్లులు ఎంతోమంది నోటితోనే చెబుతారు. ఇదే లెక్కను, ఏమీ తెలియని ఒక కొత్త గుమాస్తాకు మెట్టు మెట్టుగా రాసి ఇవ్వవలసి వస్తే ఎలా రాస్తాం? "మొదట పాట మొత్తం తీసుకో. అందులోనుంచి కమిషన్ తీసివేయి. మిగిలినదాన్ని సభ్యుల సంఖ్యతో భాగించు. వచ్చినదాన్ని నెల వాయిదాలో తగ్గించు. గడువు దాటితే జరిమానా కలుపు. ఇలా ఇరవై మందికీ చెయ్యి." ఇదే ప్రోగ్రామ్. కంప్యూటరు చాలా వేగం గల గుమాస్తా. కాని సొంత తెలివి ఏమాత్రం లేని గుమాస్తా. చెప్పినది చెప్పినట్లు చేస్తుంది, చెప్పనిది ఊహించుకోదు. దానికి అనుమానానికి తావులేకుండా చెప్పడానికి మనుషులు కల్పించుకున్న కచ్చితమైన రాతపద్ధతులే ఈ ప్రోగ్రామింగ్ భాషలు.

ఇక్కడ గమనించవలసిన మాట ఒకటి ఉన్నది. పైన రాసిన చీటీ లెక్కను జావాలో రాయవచ్చు, పైథాన్‌లో రాయవచ్చు, సి భాషలో రాయవచ్చు, అరవై ఏళ్ల నాటి కోబాల్‌లోనూ రాయవచ్చు. ఎందులో రాసినా జవాబు 4,250 రూపాయలే. లెక్క తెలిసినవారికి భాష మారడం కొన్ని వారాల శ్రమ. లెక్కే తెలియనివారికి ఎన్ని భాషలు నేర్పినా ప్రయోజనం లేదు.

మన పొరుగున మొదలైన కథ

సాఫ్ట్‌వేరు అనగానే మాదాపూర్, గచ్చిబౌలి గుర్తుకు వస్తాయి. మన ఈ తూర్పు వైపు పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం కూడా ఉన్నది. కాని హైదరాబాదులో కంప్యూటర్ల కథ వీటికన్నా ఎంతో ముందే, మనకు దగ్గరలోనే మొదలైంది. 1967లో కేంద్ర ప్రభుత్వపు అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మనమందరం ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచేది దానినే. ఆ సంస్థకు పునాది వేసినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో పుట్టిన శాస్త్రవేత్త డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. ఎ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే.

బొంబాయి దగ్గర ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 అనే కంప్యూటరు 1969లో వచ్చింది. దానిని తయారుచేసి అమ్మినది ఇ.సి.ఐ.ఎల్. తరువాత 1970లలో టి.డి.సి.-316 వచ్చింది. 1978లో ఐ.బి.ఎం. కంపెనీ భారతదేశం విడిచి వెళ్లినప్పుడు, మన యంత్రాలను మనమే నడుపుకోగల మనుషులు అప్పటికే కొంతమంది ఇక్కడ తయారై ఉన్నారు. యంత్రం ఎంత మంచిదైనా దానికి పని చెప్పే ప్రోగ్రామ్ లేకపోతే అది వట్టి ఇనుప పెట్టె. ఆనాటి ఇంజనీర్లు తక్కువ జ్ఞాపకశక్తి గల యంత్రాలతో, ప్రతి అక్షరాన్నీ పొదుపుగా వాడుకుంటూ ప్రోగ్రాములు రాశారు.

ఇప్పుడు ఓటింగ్ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ రంగ సంస్థలలో ఇ.సి.ఐ.ఎల్. ఒకటి. ఆ యంత్రంలోని ప్రోగ్రామును తయారీ సమయంలోనే చిప్‌లో ఒకేసారి నింపుతారనీ, తరువాత దానిని తిరగరాయడానికి వీలుండదనీ ఎన్నికల సంఘం చెబుతుంది. అంటే అక్కడ తప్పు రాసి, రేపు దిద్దుకుందాంలే అనడానికి లేదు. ప్రోగ్రామ్ రాయడం ఎంత బాధ్యత గల పనో చెప్పడానికి ఇదొక్క ఉదాహరణ చాలు.

భాష మారింది, బెర్తు మారలేదు

మనలో చాలామంది సికింద్రాబాదు స్టేషనులో రిజర్వేషన్ కోసం క్యూలో నిలబడినవారమే. పెద్ద పెద్ద రిజిష్టర్లలో పేర్లు రాసుకునే రోజులు మనకు గుర్తే. 1980ల నడుమ ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. రైల్వేలకు కంప్యూటర్ రిజర్వేషన్ పద్ధతిని తయారుచేసింది. దాని పేరు ఇంప్రెస్. మొదట ఢిల్లీలో ప్రారంభమైంది. దానిని ఫోర్ట్రాన్ అనే భాషలో రాశారు. ఫోర్ట్రాన్ 1957లో ఐ.బి.ఎం.లో జాన్ బ్యాకస్ బృందం శాస్త్రవేత్తల లెక్కల కోసం చేసిన భాష. తరువాత రైల్వేల సొంత సంస్థ క్రిస్, ఒక ఊరి కౌంటరులో దేశమంతటి రైళ్లకూ టిక్కెట్లు ఇవ్వగలిగేలా, కన్సర్ట్ అనే కొత్త పద్ధతిని సి భాషలో తయారుచేసింది. అది మొట్టమొదట అమలులోకి వచ్చినది 1994లో మన సికింద్రాబాదులోనే.

ఫోర్ట్రాన్ పోయి సి వచ్చింది. కాని ప్రయాణికునికి ఏమి మారింది? వెయిటింగ్ లిస్టు ఎలా ముందుకు జరగాలి, ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వకుండా ఎలా కాపాడాలి, టిక్కెట్టు రద్దు చేసుకుంటే ఎంత డబ్బు తిరిగి ఇవ్వాలి అనే నియమాలు భాషతో పాటు మారలేదు. ఆ నియమాలు తెలిసి, వాటిని తప్పులేకుండా యంత్రానికి చెప్పగల మనిషి రెండు కాలాలలోనూ కావలసివచ్చాడు. భాష ఒక్కటే తెలిసినవాడికి మొదటి కాలంతోనే పని ముగిసింది.

ఏ పనికి ఏ భాష?

అయితే భాషలన్నీ ఒకటేనా, ఏదో ఒకటి నేర్చుకుంటే చాలునా అని మీరు అడగవచ్చు. అలా కాదు. వడ్రంగి చేతిలో రంపం ఉంటుంది, ఉలి ఉంటుంది, సుత్తి ఉంటుంది. దేని పని దానిది. ఇవీ అంతే.

ఉప్పల్ రోడ్డులోని ఎన్.జి.ఆర్.ఐ. వంటి సంస్థలలో శాస్త్రవేత్తలు భూకంప తరంగాలను లెక్కకట్టే రకం పనులకూ, వాతావరణ అంచనాలకూ ఫోర్ట్రాన్ ప్రపంచవ్యాప్తంగా నేటికీ వాడుకలో ఉన్నది.

బ్యాంకులు, బీమా కంపెనీలు, పెన్షన్ కార్యాలయాలు లక్షల ఖాతాల లెక్కలు చూసుకోవడానికి 1959లో మొదలైన కోబాల్‌ను వాడుకున్నాయి. అమెరికాలో ఎన్నో చోట్ల ఇంకా వాడుతున్నారు. 2020 ఏప్రిల్‌లో కరోనా కాలంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు కోబాల్ తెలిసినవారు సహాయానికి రావాలని బహిరంగంగా విజ్ఞప్తి చేయవలసివచ్చింది.

1972 ప్రాంతంలో బెల్ లేబొరేటరీస్‌లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాష యంత్రానికి చాలా దగ్గరగా ఉండే భాష. మీటర్లు, యంత్ర పరికరాలు, వాహనాలలోని చిప్‌లు వంటివాటికి దానిని వాడతారు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారమైన లినక్స్ కూడా ఎక్కువ భాగం సి భాషలో రాసినదే.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జావా, బ్యాంకులు, పెద్ద వ్యాపార సంస్థల పనులకు నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది. అదే 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ చేసిన జావాస్క్రిప్ట్ పూర్తిగా వేరు. ఇంటర్నెట్ పేజీలలో మనం మీట నొక్కగానే జరిగే పనులు దానివి. పేరు కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియక ఒకదానికి బదులు మరొక కోర్సులో చేరిన పిల్లలున్నారు.

1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ నేర్చుకోవడానికి సులువు. లెక్కల విశ్లేషణకూ, నేడు అందరూ మాట్లాడుకునే కృత్రిమ మేధకూ దానిని ఎక్కువగా వాడుతున్నారు.

చివరగా ఎస్‌క్యూఎల్. దీని గురించి మన ప్రాంతంవారికి ఒక ఉదాహరణతో చెబితే బాగా అర్థమవుతుంది. మేడిపల్లిలో ప్లాటు కొనేవారెవరైనా ముందు తీసేది ఇ.సి. ఒకప్పుడు దానికోసం రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత పుస్తకాలన్నీ తిరగవేయవలసి వచ్చేది. రోజుల తరబడి తిరగవలసి వచ్చేది. 1998 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ అనే పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించింది. అప్పటినుండి ఇ.సి. కొద్దిసేపట్లో చేతికి రావడం మొదలైంది. "ఈ సర్వే నంబరులో, ఈ ప్లాటుపై, ఫలానా సంవత్సరం నుండి జరిగిన లావాదేవీలన్నీ తేదీల వరుసలో చూపించు" అని కంప్యూటరులోని దస్త్రాలను అడగడమే ఇందులోని కిటుకు. ఇలా అడగడానికి ప్రపంచమంతటా వాడే భాష ఎస్‌క్యూఎల్. 1974లో ఐ.బి.ఎం. పరిశోధకులు దానిని వెలువరించారు. ఈ యాభై ఏళ్లలో ఎన్నో భాషలు వచ్చి పోయినా ఇది మాత్రం నిలిచి ఉన్నది. ఎందుకంటే ఎక్కడైనా సరే, దస్త్రాలను దాచడం, వెదకడం అనే పని ఆగదు.

గడిచిన కాలం నేర్పిన పాఠం

1990లలో మన ఊళ్లలో కంప్యూటర్ క్లాసుల బోర్డులు చూసినవారికి ఆ పేర్లు గుర్తుండి ఉంటాయి. డీబేస్, ఫాక్స్‌ప్రో, పవర్‌బిల్డర్, విజువల్ బేసిక్. "ఇది నేర్చుకుంటే జీవితం స్థిరపడుతుంది" అని ఒక్కొక్కదాని గురించీ ఆ రోజుల్లో చెప్పారు. విజువల్ బేసిక్ ఆరవ వెర్షను 1998లో వస్తే, మైక్రోసాఫ్ట్ దానికి 2008లో మద్దతు ఆపివేసింది. విజువల్ ఫాక్స్‌ప్రోలో ఇక కొత్త వెర్షన్లు రావని 2007లో ప్రకటించింది. ఎక్కువ కాలం నిలవని దానిపై జీవితమంతా కట్టుకోమని చెప్పారన్నమాట.

అన్నిటికన్నా పెద్ద పాఠం 2000 సంవత్సరపు సమస్య. పాత కోబాల్ ప్రోగ్రాములలో చోటు ఆదా కోసం సంవత్సరాన్ని రెండే అంకెలలో రాశారు. 1965కు 65 అన్నమాట. మరి 2000 వచ్చినప్పుడు 00 అని ఉంటే కంప్యూటరు దానిని 1900 అనుకునే ప్రమాదం వచ్చింది. 1935లో పుట్టినవారి వయస్సు 65 అని రావలసిన చోట తప్పు లెక్క వస్తుంది. ఆ ప్రోగ్రాములను వెదికి దిద్దడానికి అమెరికాకు వేలకొద్దీ మనుషులు కావలసివచ్చారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగు సెంటర్లు కిటకిటలాడాయి. బి.కాం. చదివినవారు, సైన్సు చదివినవారు, ఉద్యోగాలు మానుకున్నవారు కూడా కోబాల్ నేర్చుకొని వెళ్లారు. అమెరికా ప్రభుత్వం ఏడాదికి ఇచ్చే హెచ్-1బి వీసాల పరిమితిని 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు 1,15,000కు, 2001 నుండి 2003 వరకు 1,95,000కు పెంచింది. ఎన్నో తెలుగు కుటుంబాల దశ ఆ కాలంలోనే తిరిగింది. ఇది కాదనలేని నిజం.

కాని కథ అక్కడ ఆగలేదు. 2000 జనవరి గడిచింది. ప్రోగ్రాములు దిద్దడం అయిపోయింది. 2001 నాటికి అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలు వరుసగా మూతపడ్డాయి. 2004కు వీసాల పరిమితి మళ్లీ 65,000కు దిగింది. చాలామంది ఉద్యోగాలు పోయి తిరిగి వచ్చారు. అప్పుడు నిలబడినవారు ఎవరు? కోబాల్ చదువుతున్నప్పుడే బ్యాంకు ఖాతా ఎలా నడుస్తుంది, బీమా ప్రీమియం ఎలా లెక్కకడతారు, దస్త్రాలు ఎలా అమరుస్తారు అనే విషయాలు మనసుపెట్టి నేర్చుకున్నవారికి జావాకు మారడం సాధ్యమైంది. మూడు నెలల నోట్సు మాత్రమే కంఠస్థం చేసి వెళ్లినవారికి ఆ నోట్సుతోపాటే దారి మూసుకుపోయింది.

తెలుగు మీడియం పిల్లలు భయపడనక్కరలేదు

"మా పిల్లవాడు తెలుగు మీడియంలో చదివాడు, వీటిని పట్టుకోగలడా?" అని వెనుకాడే తల్లిదండ్రులున్నారు. ప్రోగ్రామింగ్ భాషలలో ఇంగ్లీషు మాటలు ఉన్న సంగతి నిజమే. కాని ఎన్ని? 1989లో ప్రమాణంగా నిర్ణయించిన సి భాషలో ప్రత్యేకించిన మాటలు 32. పైథాన్‌లో 35. ఎక్కాల పుస్తకం వల్లించిన పిల్లవాడికి ముప్పై అయిదు మాటలు ఒక లెక్కా? పైగా 2008లో వచ్చిన పైథాన్ 3 నుండి, మన ప్రోగ్రాములో లెక్కలకు పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. 'వాయిదా' అనీ 'కమిషన్' అనీ తెలుగులో రాసినా కంప్యూటరు ఒప్పుకుంటుంది.

ఉద్యోగంలో ఇంగ్లీషు అవసరమే. ఇంటర్వ్యూలో మాట్లాడాలి, ఉత్తరాలు రాయాలి, పుస్తకాలు చదవాలి. దానికి విడిగా రోజుకు ఒక గంట కేటాయించాలి. కాని ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రోగ్రామింగ్ రాదు అనుకోవడం సరికాదు. మెట్టు మెట్టుగా ఆలోచించే శక్తి ఏ భాషలో చదివిన పిల్లవాడికైనా రావచ్చు. ముందు తెలుగులో కాగితం మీద మెట్లు రాసుకొని, ఆ తరువాత కంప్యూటరు భాషలోకి మార్చుకునే అలవాటు చేయండి. ఇది చాలా మేలు చేస్తుంది.

ఇప్పుడు కంప్యూటరే ప్రోగ్రామ్ రాస్తుందట కదా?

ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుండి, మామూలు మాటలలో అడిగితే ప్రోగ్రామ్ రాసి ఇచ్చే సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఆ తరువాతి ఏడాదిలో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని తీసివేసిన వార్తలు కూడా చదివాము. మరి ఇంత ఫీజు కట్టి నేర్చుకోవడం దేనికి?

మన చీటీ లెక్కనే తీసుకుందాం. ఆ సాధనం రాసి ఇచ్చిన ప్రోగ్రామ్ చక్కగా నడిచింది, ఏ తప్పూ చూపలేదు అనుకోండి. కాని చీటీ పాడిన వ్యక్తికి వాటా ఉండదని అది ఊహించుకొని, 15,000ను ఇరవై మందికి బదులు పందొమ్మిది మందికి పంచింది. తలకు 750 రావలసిన చోట 789 రూపాయల 47 పైసలు వచ్చింది. చూడడానికి లెక్క ఎంతో కచ్చితంగా కనిపిస్తుంది. పైసలతో సహా ఉన్నది! కాని తప్పు. ఆ తప్పును పట్టుకోగలవాడు ఎవరు? చీటీ నియమం తెలిసినవాడు, రాసిన ప్రోగ్రామును వరుస వరుసగా చదవగలిగినవాడు. ఈ రెండూ కలిగిన మనిషికి పని ఉంటుంది. ఒకరు చెప్పినదాన్ని అలాగే టైపు చేసేవాడికి మాత్రం ఇకమీదట కష్టకాలమే. అందుచేత ఇప్పుడు పునాది గట్టిగా నేర్చుకోవలసిన అవసరం పెరిగిందే గాని తగ్గలేదు.

ఫీజు కట్టేముందు

మేడిపల్లి నుండి ఉప్పల్ చేరి మెట్రో ఎక్కితే నేరుగా అమీర్‌పేటలో దిగవచ్చు. 2017 నవంబరు నుండి ఈ సౌకర్యం ఉన్నది. వెళ్లడం సులువైనందువల్ల తొందరపడి చేరడమూ సులువైంది. కాబట్టి తల్లిదండ్రులు ఈ కొన్ని విషయాలు గమనించండి.

మొదటిది, ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. పైన చెప్పిన చీటీ లెక్కను మెట్టు మెట్టుగా తెలుగులో రాయమని మీ పిల్లవాడిని అడగండి. ఇద్దరు సభ్యులు గడువు దాటి కడితే ఏమి చేయాలో, ఒకరు మధ్యలో మానుకుంటే ఏమి చేయాలో కూడా రాయమనండి. దీనిపై ఆసక్తిగా కూర్చుంటే ఈ రంగం అతనికి సరిపడవచ్చు. విసుగుపడితే కోప్పడకండి. అతనికి తగిన పని వేరే ఉన్నదేమో ఆలోచించండి. అకౌంట్లు, ఎలక్ట్రికల్, నర్సింగు, ఉపాధ్యాయ వృత్తి, ఇవేవీ తక్కువ కావు. పక్కింటి అబ్బాయి చేరాడని మన అబ్బాయిని చేర్చడం అన్యాయం.

రెండవది, డబ్బు ఖర్చు లేని దారిని మొదట వాడుకోండి. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఐ.ఐ.ఎస్‌సి. కలిసి నడుపుతున్న ఎన్‌పిటెల్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు ఉచితంగా చూడవచ్చు. సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. తెలంగాణ ప్రభుత్వం 2014లో ఏర్పాటుచేసిన టాస్క్ సంస్థ కళాశాలల ద్వారా విద్యార్థులకు శిక్షణ ఇస్తున్నది. మీ పిల్లల కళాశాలలో దాని గురించి అడగండి. రెండు నెలలు ఇలా ఉచితంగా చదివి నిలబడగలిగిన పిల్లవాడికి ఆ తరువాత ఫీజు కట్టినా ఆ డబ్బు వృథా కాదు.

మూడవది, ఒకే భాష పట్టుకోండి. పైథాన్ గానీ జావా గానీ, ఏదైనా ఒక్కటి. దానితోపాటు ఎస్‌క్యూఎల్. ఆరు నెలలలో ఆరు భాషలు నేర్పుతామనే బోర్డు చూసి మురిసిపోకండి. ఒకదానిలో లోతు ఉంటే రెండవది త్వరగా వస్తుంది.

నాలుగవది, కోచింగు సెంటరువారిని "ఏమి నేర్పుతారు?" అని కాక, "కోర్సు అయ్యేసరికి మావాడు సొంతంగా ఏమి తయారుచేసి చూపిస్తాడు?" అని అడగండి. మందుల షాపు నిల్వల లెక్క, పాఠశాల ఫీజుల లెక్క, చీటీ లెక్క, ఏదో ఒకటి పూర్తిగా పనిచేసేది అతని చేతిలో ఉండాలి. నెలకు ఒకసారి ఇంట్లో అందరూ కూర్చొని, "ఈ నెల ఏమి చేశావు, చూపించు బాబూ" అని అడగండి. మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలడు.

అయిదవది చాలా ముఖ్యమైనది. లక్షలు కట్టించుకొని ఉద్యోగం ఇప్పిస్తామనేవారినీ, చేయని ఉద్యోగానికి అనుభవం సర్టిఫికెట్లు ఇప్పిస్తామనేవారినీ దగ్గరకు రానీయకండి. కంపెనీలు నేడు పాత ఉద్యోగాల వివరాలను, ప్రావిడెంట్ ఫండు జమలతో సహా విచారిస్తున్నాయి. అబద్ధం బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా అయ్యే ప్రమాదం ఉన్నది. డబ్బు తీసుకొని మాయమైన సంస్థల ముందు పిల్లలు గుమిగూడిన వార్తలు మన నగరంలో ఎన్నోసార్లు వచ్చాయి. అప్పు చేసి కొన్న అబద్ధంపై పిల్లల జీవితం కట్టవద్దు. ఆలస్యమైనా నిజమైన పనితనంతో వచ్చిన ఉద్యోగమే నిలుస్తుంది.

ప్రియ యువతీ యువకులారా, మీకు కూడా ఒక మాట. మీ నాన్నగారు కట్టే ఫీజు ఎన్ని షిఫ్టుల కష్టమో ఒక్కసారి కాగితంపై లెక్కవేసి చూడండి. రోజుకు ఎంత కూలి పడుతుంది, ఆ ఫీజుకు ఎన్ని రోజులు పడుతుంది, ఇది కూడా ఒక చిన్న ప్రోగ్రామే. మీరు ఏ భాషలోనైనా మొట్టమొదట రాసే ప్రోగ్రామ్ అదే అయితే, ఆ తరువాత క్లాసుకు ఆలస్యంగా వెళ్లాలన్నా మనసు ఒప్పదు.